ఆదివారం తాడు

బీదరు
12-8-1969

మామకు సిద్దమ్మ దండాలు. సంగమ్మ అత్తకు కూడా చెప్పు.

ఇక్కడ మేమిద్దరం బాగున్నాం. మూడోది మాత్రం మరీ బాగుంది. దాని గురించే ఈ ఉత్తరం.

ఉగాదికి నువ్వు చేతిసంచిలో వేసుకొచ్చి నా ఒడిలో పెట్టిన కుక్కపిల్లకు బిజిలి అని పేరు పెట్టినప్పుడు ముద్దుకు పెట్టావనుకున్నాను. ఇప్పుడది నిజంగానే మెరుపై కూర్చుంది. గొలుసు పట్టుకుని గుమ్మం దాటితే చాలు, నన్ను ఈడ్చుకుపోతుంది. మేక కనబడితే మేక వైపు, సైకిల్ పోతే సైకిల్ వెనక. మొన్న గొలుసు కాశీబాయి కాళ్ళకు చుట్టుకుని ఆమె నీళ్ళ బిందెతో సహా కింద పడింది. కాశీబాయి అంటే మా ఇంటి ఓనరు, నువ్వు చూశావు, పొగాకు నమిలే ఆమె. దెబ్బ పెద్దది కాదు గాని కోపం పెద్దది.

“దసరా దాంక చూస్త సిద్దమ్మా. కుక్క నీ మాట వింటే ఉండని. లేకుంటే కుక్కన్న పోవాలె, మీరన్న పోవాలె,” అంది.

మీ అల్లుడు సైకిల్ షాపు నుంచి వచ్చి విని, “మీ మామకు వాపస్ ఇచ్చేద్దాం తియ్,” అన్నాడు. ఆయన మాటలో తప్పు లేదు. చౌబారా బురుజు దగ్గర ఇల్లు దొరకడం ఎంత కష్టమో ఆయనకు తెలుసు.

కానీ మామా, నువ్వు దీన్ని ఎందుకు తెచ్చావో నాకు తెలుసు. ఆసుపత్రి నుంచి ఉత్త చేతులతో వచ్చాక నేను గడప దాటడం లేదని అత్త నీకు చెప్పే ఉంటుంది. ఇది వచ్చాకే మళ్ళీ వీధి మొహం చూశాను. లాగితే లాగింది, బయటికి లాగింది. దీన్ని పంపించి మళ్ళీ ఆ గదిలో కూర్చోవడం నా వల్ల కాదు. ఎట్లా నడిపించాలో చెప్పు. నీ దగ్గర ఎన్ని కుక్కలు పెరగలేదు.

నువ్వు నేర్పిన అక్షరాలతోనే రాస్తున్నాను, వంకరగా ఉంటే నిన్ను నువ్వే తిట్టుకో.

నీ కోడలు
సిద్దమ్మ

---

దుబల్గుండి
18-8-1969

బిడ్డ సిద్దమ్మకు మామ ఈరప్ప దీవించి రాసేది.

నీ ఉత్తరం చదివి వినిపిస్తే మీ అత్త కాశీబాయి పడిన చోట పగలబడి నవ్వింది. నేను నవ్వలేదు. నవ్వానని ఆమె రాయమంటుంది, నమ్మకు.

ఇక్కడ వానలు పడ్డాయి. జొన్న మోకాలెత్తు వచ్చింది. ఎర్ర ఎద్దు గిట్టకు ముల్లు దిగి నాలుగు రోజులు కట్టేశాం. ఇక నీ సంగతి.

ముందు ఆ గొలుసు తీసి పారెయ్యి. దూడకు కట్టే నూలు తాడు తీసుకో. పొద్దున్నే, రోడ్డు మీద జనం లేనప్పుడు బయలుదేరు. తాడు బిగిసిందా, ఆగిపో. తిట్టకు, గుంజకు, కొట్టకు. పేరు పెట్టి పిలవకు కూడా. పాతిన రాయిలా నిలబడు. అది లాగి లాగి, ఇదేమిటని వెనక్కి తిరిగి నీ మొహం చూస్తుంది. చూసినప్పుడు తాడు వదులవుతుంది. అప్పుడు రొట్టె ముక్క నోటికిచ్చి అడుగు వెయ్యి. మళ్ళీ లాగితే మళ్ళీ ఆగు. నువ్వు నడిస్తే లోకం నడుస్తుందనీ, నువ్వు ఆగితే లోకం ఆగుతుందనీ దానికి తెలియాలి. అంతే చదువు. నోటితో చెప్పేది ఏమీ లేదు, నీ కాళ్ళే చెప్పాలి.

కోపం వచ్చిన రోజు బయటికి తీసుకుపోకు. నీ కోపం తాడు వెంబడి దాని మెడకు చేరుతుంది.

ఇంకొక్కటి, మరవకు. ఆదివారం తాడు వద్దు. మన ఇంటి దేవుడు మల్లన్న, కుక్క ఆయన వెంట తిరిగేది. మా తాత నాటి నుంచి మన ఇంట్లో ఆదివారం కుక్క మెడకు తాడు కట్టినవాళ్ళు లేరు. పొద్దున దాని నుదుట బండారి పెట్టు, దేవుడి పసుపు నీ దగ్గర ఉంది కదా. మీరు తినకముందే దానికి పాలూ రొట్టె పెట్టు. ఆ పూట దాన్ని దాని ఇష్టానికి వదిలెయ్యి. నా తోడబుట్టింది, మీ అమ్మ, ఉన్నన్నాళ్ళు ఈ పని ఆమే చేసేది.

అల్లుడు అంబాదాసుకు నా మాట చెప్పు, కుక్కను వాపస్ తీసుకునే అలవాటు మాకు లేదు.

మామ
ఈరప్ప

---

బీదరు
2-9-1969

మామకు దండాలు.

నీ చదువు మొదలుపెట్టాను. మొదటి రోజు ఇంటి దగ్గర నుంచి బావి దాకా పోవడానికి పొద్దు నెత్తికెక్కింది. అడుగుకొకసారి ఆగడమే. వీధిలో అందరూ తలుపుల్లోకి వచ్చి చూశారు. మన ఊరి నుంచి గాజులమ్మడానికి వచ్చే హనుమవ్వ గంప దించి మరీ అడిగింది, “ఏమే సిద్దమ్మా, ఎవ్వనికోసం నిలబడ్డవ్?” అని. కుక్క కోసమంటే నమ్మలేదు. ఒకనాడు జల్లు పడింది. అది లాగుతుంది, నేను నిలబడ్డాను. ఇద్దరం ముద్దగా తడిసి ఇంటికొచ్చాం. మీ అల్లుడు తువ్వాలు ఎవరికి ఇవ్వాలో తెలియక దానికిచ్చాడు.

కానీ మామా, నువ్వు చెప్పింది నిజం. వెనక్కి తిరిగి మొహం చూస్తుంది. ఆ చూపు కోసం నేను రోజూ పొద్దున్నే లేస్తున్నాను.

ఒక్క విషయంలో నీ మాట దాటాను, దాచడం ఎందుకు. ఆదివారం బండారి పెట్టాను, పాలు పోశాను, తాడు మాత్రం తీయలేదు. మన ఊళ్ళో వదిలేస్తే చేలల్లో తిరిగి వస్తుంది. ఇక్కడ మా సందు చివర నుంచే లారీలు పోతాయి. మీ అల్లుడు కూడా, “మల్లన్నకు లారీలు ఎరుకలేవు గద, మనకు ఎరుకే,” అని నవ్వాడు. నువ్వూ ఇక్కడుంటే ఇదే చేస్తావని అనుకున్నాను.

అత్త పంపిన పచ్చళ్ళ జాడీ ఖాళీ అయింది, ఎవరు వచ్చినా ఇచ్చి పంపుతాను.

సిద్దమ్మ

---

దుబల్గుండి
8-9-1969

సిద్దమ్మకు మామ రాసేది.

ఉత్తరం అందింది. మల్లన్నకు లారీలు తెలియవని భార్యాభర్తలు నవ్వుకున్నారన్నమాట. నవ్వుకోండి. పట్నంలో ఉన్నవాళ్ళకు అన్నీ తెలుస్తాయి, పల్లెలో ఉన్నవాళ్ళకు దేవుడు ఒక్కడే తెలుసు.

నడిపించడం నేర్పమన్నావు, నేర్పాను. అందులో సగం ఉంచుకుని సగం పారేశావు. నీ కుక్క, నీ ఇల్లు, నీ ఇష్టం.

ఎద్దు గిట్ట మానింది.

ఈరప్ప

---

బీదరు
19-9-1969

మామకు సిద్దమ్మ దండాలు.

నీ కార్డు చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. మీ అల్లుడు దేవుణ్ణి ఎగతాళి చేయలేదు మామా, ఆయన మాట తీరే అంత. నా మీద నవ్వుతాడు, తన మీద నవ్వుకుంటాడు, సైకిల్ బాగు చేయించుకోవడానికి వచ్చినవాళ్ళ మీద కూడా నవ్వుతాడు. అది నేను ఉత్తరంలో రాయకుండా ఉండాల్సింది. నీ మాట సగం పారేశానని అనకు. నా దగ్గర ఉన్న మంచి ఏదైనా నీ చేతి నుంచే వచ్చింది.

బిజిలి సంగతి వింటే నీ కోపం పోతుందని రాస్తున్నాను. ఇప్పుడు తాడు బిగియడమే లేదు. నా కాలు ఆగితే దాని కాలు ఆగుతుంది. దగ్గు వచ్చి నిలబడ్డా ఆగుతుంది, చెప్పు తెగి నిలబడ్డా ఆగుతుంది. ఎదురుగా మేక పోతున్నా సరే, తిరిగి నా మొహం చూస్తుంది. నిన్న కాశీబాయి కావాలని నాతో కూరగాయల బజారు దాకా వచ్చింది, పరీక్ష పెట్టడానికే. తిరిగి వచ్చి తన చేత్తోనే దానికి రొట్టె వేసి, “ఇగ ఉండని. దసరా అయినంక గూడ ఉండని,” అంది.

గెలిచాం మామా. నువ్వు ఒక్క మాట రాస్తే నాకు పూర్తిగా గెలిచినట్టు ఉంటుంది.

నీ కోడలు
సిద్దమ్మ

---

బీదరు
3-10-1969

మామకు దండాలు.

జవాబు రాలేదు. టపా మనిషి వచ్చినప్పుడల్లా గుమ్మంలోకి పోతున్నాను.

నిన్న హనుమవ్వ వచ్చింది. నిన్ను బీదరు బస్టాండులో చూశానంది. బస్సులోనే కూర్చున్నావట, ఆమె పలకరిస్తే తల ఊపావట గాని దిగలేదట. బస్టాండు నుంచి మా ఇంటికి ఎంత దూరమో నీకు తెలుసు. నేను ఏమని అనుకోవాలి. నా పెళ్ళయ్యాక నువ్వు బీదరు వచ్చి నా చేతి నీళ్ళు తాగకుండా పోవడం ఇదే మొదటిసారి.

నీ కోపం ఇంత దూరం పోతుందని తెలిస్తే ఆ తాడు మొదటి ఆదివారమే తీసేదాన్ని. ఎల్లుండి ఆదివారం. బండారి పెట్టి, పాలు పోసి, అమ్మ చేసినట్టే తాడు తీసేస్తాను. ఇప్పుడు దానికి తాడుతో పని లేదు కూడా. నా పక్కనే నడుస్తుంది. నీ మాట పూర్తిగా విన్నానని తెలిశాకైనా ఒకసారి రా.

సిద్దమ్మ

---

దుబల్గుండి
3-10-1969

బిడ్డ సిద్దమ్మకు మామ దీవించి రాసేది.

ఆలస్యానికి ఏమీ అనుకోకు. మంచంలో ఉన్నాను. వానకు తడిసి జ్వరం పట్టింది, ఇవాళే లేచి కూర్చున్నాను.

నీ ఉత్తరం చదివాక నాకు నిద్ర లేదు. కోపంగా కార్డు రాసేశాను గాని, లారీల మాట నా చెవిలో ఉండిపోయింది. మన ఇంటి కట్టుబాటు చేలున్నచోట పుట్టింది, రోడ్డున్నచోట ఎట్లా అని నాకే అనుమానం వచ్చింది. దేవుణ్ణే అడుగుదామని మైలారం మల్లన్న గుడికి పోయాను. అడిగి వచ్చి ఇంట్లో దీపం పెట్టేదాకా ఎవరి గడపా ఎక్కననీ, ఎవరింటి నీళ్ళూ ముట్టననీ మొక్కుకున్నాను. అందుకే బీదరులో దిగలేదు. బస్సు ఆగినంతసేపు మీ సందు వైపే చూస్తూ కూర్చున్నాను.

గుడి దగ్గర కుక్కలకు రొట్టెలు పెట్టే ఒక ముసలాయన ఉన్నాడు. అంతా విని, “తాడుకు గూడ బండారి రాయి. తాడు గూడ మల్లన్నదే అయితది. ప్రాణం తీసుకొమ్మని ఏ దేవుడు చెప్తడు?” అన్నాడు. ఇంత చిన్న మాట నాకెందుకు తోచలేదో.

కాబట్టి ఆదివారం కూడా తాడు ఉండనీ. తీయకు. నువ్వే సరిగా ఆలోచించావు, నేను మాట తూలాను. అంబాదాసుకు కూడా చెప్పు. నాలుగు రోజుల్లో కాళ్ళలో బలం వస్తే వస్తాను. బిజిలి నడక నా కళ్ళతో చూడాలి.

మామ
ఈరప్ప

---

బీదరు
9-10-1969

మామకు దండాలు.

నీ ఉత్తరం సోమవారం వచ్చింది. బిజిలి ఆదివారం పోయింది.

తాడు తీశాను కదా. సందు చివర పిల్లి కనిపిస్తే దాని వెంట ఉరికింది. లారీ వచ్చింది. బాధ పడలేదు, అక్కడికక్కడే అయిపోయింది. డ్రైవరు దిగి వచ్చి నిలబడ్డాడు, అతని తప్పు లేదు.

పెరట్లో దానిమ్మ చెట్టు పక్కన పెట్టాం. కాశీబాయి తన పాత చీర ఇచ్చింది కప్పడానికి. ఆమె ఏడుస్తుందని నేను అనుకోలేదు.

జ్వరం తగ్గకుండా ప్రయాణం పెట్టుకోకు. నీ మీద నాకు ఏమీ లేదు మామా.

సిద్దమ్మ

---

దుబల్గుండి
14-10-1969

బిడ్డ సిద్దమ్మకు మామ రాసేది.

నీ ఉత్తరం వచ్చిన రోజు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. మీ అత్త నాతో మాట్లాడడం లేదు. నీ కార్డు వల్లే పిల్ల తాడు తీసిందని నా మొహం మీదే అంది. నిజమే. ఆ పాపం నాది, నేనే మోస్తాను. నువ్వు దాన్ని నెత్తిన వేసుకోకు.

కానీ ఒక మాట నన్ను తొలుస్తుంది, అడగకుండా ఉండలేను. పిల్లి వెంట ఉరికిందన్నావు. అంతకుముందు ఉత్తరంలో నీ కాలు ఆగితే దాని కాలు ఆగుతుందని రాశావు. నేను సంతోషపడాలని లేనిది ఉన్నట్టు రాశావేమో. నువ్వు ఆగితే ఆగే కుక్క రోడ్డు మీద చావదు సిద్దమ్మా. చదువు సగంలోనే ఉండగా పూర్తయిందని తొందరపడ్డావు. ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టి నేర్పి ఉంటే, తాడున్నా లేకున్నా అది దక్కేది.

తిట్టడానికి రాయడం లేదు. బిజిలితో పాటు పుట్టిన మోతీ నా దగ్గరే ఉంది, చూశావు కదా, చెవి మీద మచ్చ ఉన్నది. దాన్ని తెచ్చి ఇస్తాను. ఈసారి నేనే నాలుగు రోజులు ఉండి పూర్తిగా నేర్పి వెళ్తాను. ఆ గదిలో ఒంటరిగా కూర్చోకు.

మామ

---

బీదరు
18-10-1969

మామకు సిద్దమ్మ దండాలు.

ఈ ఉత్తరం రాయకూడదనే అనుకున్నాను. నువ్వు బిజిలిని చదువు రాని కుక్క అన్నావు. అది పడుకున్న మట్టిలో కూడా నా వైపు తిరిగి ఉన్నట్టు అనిపించింది నాకు. దాన్ని ఆ మాట పడనివ్వలేను.

పిల్లి లేదు మామా. నేను కల్పించాను.

ఆ ఆదివారం పొద్దున దానికి స్నానం చేయించాను. నుదుట బండారి పెట్టాను. పాలు తాగింది. తాడు తీస్తే కాసేపు నమ్మలేదు, మెడ దులుపుకుంది. గుమ్మం దాటి నా పక్కనే నడిచింది. ఎటూ ఉరకలేదు. నీకు చూపించాలని ఎంత అనిపించిందో. సందు చివర రోడ్డు దాటుతున్నాం. అది నా కంటే తాడంత ముందు ఉంది. మలుపులో నుంచి లారీ వచ్చింది.

నేను భయపడ్డాను. భయపడితే మనిషి ఏం చేస్తాడు, ఆగిపోయాను. నా కాళ్ళు అక్కడే పాతుకుపోయాయి.

అది కూడా ఆగింది.

రోడ్డు నడుమ ఆగి, వెనక్కి తిరిగి నా మొహం చూసింది. రొట్టె ముక్క కోసం చూసే చూపే. నేను మళ్ళీ అడుగు వేస్తే అదీ వేసేది. నేను వేయలేకపోయాను. నోటితో పిలిచి ఉంటే వచ్చేదేమో, పిలవడం నేను నేర్పలేదు కదా. ఉగాదినాటి బిజిలి అయితే నన్ను ఈడ్చుకునైనా అవతలి పక్కకు పోయేది. నీ చదువు దానికి పూర్తిగా వచ్చింది మామా. ఒక్క అక్షరం కూడా పొల్లు పోలేదు.

ఇది తెలిస్తే నువ్వు తట్టుకోలేవని పిల్లిని తెచ్చాను. ఇప్పుడు ఎందుకు రాశానంటే, నేను తప్పు నేర్పానన్నా పడతాను గాని, అది తప్పు నేర్చుకుందంటే పడలేను.

మోతీని తేవద్దు. నేను ఇంకా నడక మానుకోలేదు. పొద్దున్నే పోతున్నాను, ఆ మలుపు దగ్గర నా కాళ్ళు వాటంతటవే ఆగుతున్నాయి. వెనక నుంచి కాశీబాయి వచ్చి, “నడువ్ బిడ్డా,” అని చెయ్యి పట్టుకుంటే మళ్ళీ నడుస్తున్నాను.

సిద్దమ్మ

---

దుబల్గుండి
26-10-1969

బిడ్డ సిద్దమ్మకు మామ రాసేది.

నీ ఉత్తరం మీ అత్తకు చదివి వినిపించలేకపోయాను. మడిచి జేబులో పెట్టుకుని చేనుకు పోయి కూర్చున్నాను. సాయంత్రం ఆమే వెతుక్కుంటూ వచ్చి, నా మొహం చూసి పక్కన కూర్చుంది. ఇప్పుడు మాట్లాడుతుంది.

బిజిలిని అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. మా తాత పెంచిన కుక్కల్లో కూడా అంత నేర్చినది లేదు. ఈ మాట దానికి వినబడేలా దానిమ్మ చెట్టు దగ్గర ఒకసారి చెప్పు.

నీకు ఎన్నో నేర్పాననుకునేవాణ్ణి. ఆ రోజు బస్సులో కూర్చుని మీ సందు వైపు చూశాను కదా, మొక్కు తప్పితే తప్పిందని దిగి వచ్చి ఉంటే, గుమ్మంలో నిలబడి ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. దేవుడి దగ్గర క్షమ దొరికేది. నీ గుమ్మం దగ్గర ఎట్లా అడగాలో నాకు తెలియడం లేదు. వస్తాను. మోతీని తేను, ఏమీ చెప్పను, నీ చేతి నీళ్ళు తాగి నీతో పాటు ఆ మలుపు దాకా నడిచి వస్తాను.

ఇవాళ ఆదివారం. పొద్దున మోతీ నుదుట బండారి పెట్టాను, తాడుకూ రాశాను, తాడు మెడకు కట్టాను. మన ఇంట్లో ఇది మొదటిసారి. చూసినవాళ్ళు ఏమన్నారో రాయను. చేను దాకా తీసుకుపోయాను. దారంతా లాగింది సిద్దూ, అరచేతులు ఒరుసుకుపోయాయి. నేను ఎక్కడా ఆగలేదు.

మామ
ఈరప్ప